సదానందం సారుకు పట్టిన నిద్ర

పరామర్శకు వచ్చిన సదానందం సారు ఆ రోజు పేషెంటును గాక, పేషెంటు బావమరిదిని పరామర్శించి పోయిండు.

దాంట్ల ఆయన తప్పేమీ లేదు. కరీంనగర్‌ల ఆ ప్రైవేటు దవాఖానల, మూడో అంతస్తుల, కిటికీ పక్క మంచం మీద ఉండాల్సిన హనుమండ్లు బాత్రూముకు పోయిండు. హనుమండ్లుది సిరిసిల్ల, సాంచాలు నడిపి బట్ట నేసే మనిషి, హెర్నియా ఆపరేషన్ అయ్యింది. ఆయన అటు పోంగనే, కింద చాప మీద పండి నడుం పట్టుకపోయిన బావమరిది లింగమూర్తి ఖాళీ మంచం చూసిండు, ఒక్కసారి నడుం వాల్చిండు, వాల్చినోడు వాల్చినట్టే నిద్రపోయిండు. సరిగ్గ అప్పుడే సదానందం సారు, వెనుక ఆయన మనుషులు, ఒక బత్తాయిల సంచి, ఒక శాలువా లోపలికి వచ్చినయి. సారు లింగమూర్తిని భుజం పట్టి లేపిండు. శాలువా కప్పిండు. చేతుల బత్తాయి పెట్టిండు. పేరడిగిండు. లింగమూర్తి తన పేరే చెప్పిండు. "ధైర్యంగ ఉండాలె లింగమూర్తీ, మేమంత ఉన్నం" అన్నడు సారు. నిద్రమబ్బుల ఉన్న లింగమూర్తి దండం పెట్టిండు. ఫోటో తీసుకున్నరు, పోయిన్రు.

సాయంత్రం వరకు ఆ ఫోటో వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగి సిరిసిల్లకు చేరింది. "శస్త్రచికిత్స అనంతరం కోలుకుంటున్న శ్రీ లింగమూర్తి గారిని పరామర్శించిన శ్రీ సదానందం గారు" అని కింద రాసి ఉన్నది. లింగమూర్తి భార్య దొరికిన బస్సెక్కి ఏడ్సుకుంట దిగింది. తనకు చెప్పకుండ ఏం కోయించుకున్నవని నిలబెట్టి అడిగింది. అంగీ లేపి పొట్ట చూపెట్టినా నమ్మలే. "వెనుక కోసిన్రేమో, జర తిరుగు" అన్నది.

వార్డంత నవ్వింది. నవ్వనిది ఒక్క నిషాత్ సిస్టరే. తప్పు ఫోటో పడ్డదని తెలిసినంక సదానందం సారు ఊకుంటడా? అసలు పేషెంటు కోసం మళ్ల వస్తడు. వస్తే లేపుతడు. ఆమె ఫికర్ అది.

నిషాత్ గురించి జర చెప్పుకోవాలె. ఆమె తండ్రి ముష్తాక్ పరుపులు కుట్టేటాయన. దూది ఏకి, గలీబుల నింపి, పొడుగు సూదితోని కుట్టి, పని అయినంక బిడ్డను దాని మీద పండుకోబెట్టి చూసేటోడు. పిల్ల అటిటు మెసిలితే దూది సరిగ్గ పడలేదని లెక్క, మళ్ల విప్పాలె. పిల్ల నిద్రపోతే పరుపు పాసైనట్టు. మరి పరుపు కొనేటాయన వచ్చి నిలబడితే? "బిడ్డ పండుకున్నది, చాయ్ తాగి రా భాయ్" అనేటోడు గాని లేపకపోయేటోడు. పండుకున్న మనిషిని లేపుడంటే ముష్తాక్‌కు తింటున్న మనిషి ముందటి నుంచి కంచం గుంజుకునుడు లెక్క. బిడ్డకు ఆ బుద్ధే వచ్చింది. నర్సు కోర్సు చదివి, నౌకరిల చేరి, తల సగం తెల్లబడ్డా పోలే.

ఆమె డ్యూటీల ఉన్న పూట మూడో అంతస్తు తీరే వేరు. మందుల బండి చక్రాలకు కొబ్బరినూనె ఆమె చేతితోనే పడ్తది. బీపీ చూసుడు, సూది వేసుడు, సెలైను మార్చుడు ఒక్కోదానికి ఒక్కోసారి లేపి చేసుడు ఉండదు, అన్నీ ఒక్కపారే కానిచ్చి ఇగ పండుకోనిస్తది. నొప్పి ముదిరినంక కాదు, మొదలయ్యేటప్పుడే గోలి ఇప్పిస్తది. అటెండెంట్ల ఫోన్ల నోళ్లు మూయిస్తది. పేషెంటు రాంగనే అందరడిగేటివి అడిగి, అందరు అడగనిది ఒకటి అడుగుతది: "ఇంట్ల ఎట్ల పండుకుంటరు?"

హనుమండ్లును గదే అడిగింది. ఆపరేషన్ అయిన కాన్నుంచి ఆయనకు కన్ను మూతపడలే. గోలి ఇచ్చినా పడలే.

"ఇంట్ల గోడకు అవుతల సాంచాలు నడుస్తయమ్మా," అన్నడు హనుమండ్లు. "పుట్టిన కాన్నుంచి ఆ చప్పుడుల్నే పండుకున్న. సాంచా ఆగిందంటే మెలకువ వస్తది. ఈడ ఇంత చప్పుడు గూడ లేకుంటే భయమైతుంది, పీనుగుల పాతిపెట్టే బొందల గడ్డ లెక్క."

నిషాత్ పోయి స్టోరు రూముల పడేసిన పాత టేబుల్ ఫ్యాను తెచ్చింది. దాని రెక్కలు జాలికి తగిలి కటకట కటకట కొట్టుకుంటయని మూలకు వేసిన్రు. దాన్ని హనుమండ్లు తలాపున పెట్టి స్విచ్చేసింది. మధ్యాహ్నం అన్నాల యాల్ల. హనుమండ్లు మొఖం మీద గీతలన్నీ ఒక్కొక్కటి విప్పుకున్నయి. నోరు తెరుచుకున్నది. పండిండు.

ఆమె అట్ల చూస్తుండంగనే లిఫ్టు తెరుచుకున్నది. సదానందం సారు, మనుషులు, బత్తాయిలు, కొత్త శాలువా.

సారు రిటైర్డు ఉద్యోగి, కాలనీ సంఘం అధ్యక్షుడు. రేపటి కార్పొరేషన్ ఎన్నికల్ల టికెట్టు మీద నజర్ ఉన్నది. పట్నంల ఎవరు దవాఖానల పడ్డా పోయి చూసుడు ఆయన పెట్టుకున్న పని. ఊళ్ల నుంచి వచ్చినోళ్లకు ఇక్కడ చుట్టాలుంటరు, చుట్టాలకు ఓట్లుంటయి.

నిషాత్ తలుపుకు అడ్డం నిలబడ్డది. "సార్, ఇప్పుడే పండిండు. సాయంత్రం రాండ్రి."

"ఒక్క నిమిషం అమ్మా. చూసి పోత."

"చూడున్రి సార్, ఇక్కడికెల్లి కనబడ్తుండు. లేపకున్రి."

"లేపకుంటే చూసినట్టు ఆయనకెట్ల తెలుస్తది?" అన్నడు సారు. న్యాయంగ అడిగినట్టే అడిగిండు. అడిగి, ఆమె చెయ్యి కిందికెల్లి వంగి లోపలికి పోయిండు. పోయినోడు మెల్లగన్న పోలే. "హనుమండ్లూ! ఎట్లున్నవయ్యా!" అని సభల మాట్లాడే గొంతుతోని పిలిచిండు.

సాంచా మీద దారం తెగిందనుకున్నడో ఏమో, హనుమండ్లు ఒక్క ఉదుటున లేచిండు. కుట్లు పిగిలినయి. దుప్పటి ఎర్రగైంది. సారు మనుషులల్ల ఒకాయన కండ్లు తిరిగి బత్తాయిల సంచి మీద కూలబడ్డడు. హనుమండ్లును మళ్ల థియేటర్‌కు తోలుకపోయి కుట్లేసిన్రు.

దీనికి ఎవరు తప్పు ఒప్పుకోవాలె? నిషాత్ ఒప్పుకున్నది. మేనేజర్ అరుణ్‌కుమార్ ఆమెను కిందికి పిలిచి, పెద్దమనిషిని తలుపు కాడ అడ్డుకున్నవని కంప్లెయింట్ వచ్చిందన్నడు. రిసెప్షన్‌ల అందరి ముంగట నిలబెట్టిండు. ఆమె "సారీ సార్" అన్నది. అక్కడే కుర్చీల కూసున్న సదానందం సారు చెయ్యి అడ్డం ఊపిండు.

"ఇంగ్లీషుల గాదు. తప్పైంది అను."

ఓపీ చీటీ కోసం నిలబడ్డ జనం, మందుల షాపాయన, లిఫ్టు కాడి వాచ్‌మెన్, అందరు చూస్తున్నరు.

"తప్పైంది సార్," అన్నది నిషాత్.

"ఇగ మీద పరామర్శకు వచ్చినోళ్లను ఎవ్వర్ని ఆపొద్దు. మంచిది గాదు," అన్నడు సారు. మేనేజర్ ఆ మాటనే ఆర్డర్ చేసిండు.

ఆ పూట ఇంట్ల ఆమె రొట్టె ముట్టలే. భర్త అమ్జద్ ఆటో నడుపుతడు, దినాం నూరుమందితోని తిట్లు తిని నవ్వుకుంట ఇంటికొచ్చే మనిషి. "జానేదో నిషాత్, దిల్‌కు తీస్కోకు," అన్నడు. ఆమె పోనియ్యలే. నౌకరిల ఎన్నో మాటలు పడ్డది, అవన్నీ పోయినయి. ఇది మాత్రం పోలే. ఎందుకంటే తప్పు ఒప్పుకున్నది ఆమె, మళ్ల కుట్లేయించుకున్నది హనుమండ్లు, మర్యాద దక్కింది సారుకు. ఎవరికన్న రోగం రావాలని దువా చేసుడు పాపమని ఆమెకు ఎరుకే. అందుకని సారుకు రోగం రావాలని అడగలే. వస్తే వేరే దవాఖానకు పోవద్దని మాత్రం అడిగింది.

అల్లా ఆ మాట విన్నడు. ఎండాకాలం దాటంగనే సదానందం సారుకు పిత్తాశయంల రాళ్లున్నయని తేలింది. మూడో అంతస్తు, స్పెషల్ రూము. ఆపరేషన్ మంచిగనే అయ్యింది.

"అక్కా, ఎవరొచ్చిన్రో చూసినవా?" అన్నది తోటి నర్సు రమ, కండ్లు పెద్దగ చేసి.

"చూసిన. రూముల కుర్చీలు తక్కువున్నయి. ఓపీ నుంచి తెప్పియ్యి."

"కుర్చీలెందుకక్కా?"

"వచ్చేటోళ్లు నిలబడ్తరా?"

పరామర్శ సంగతి ఏందంటే, ఒకరు వచ్చి మనల్ని చూసి పోతే, వాళ్లు పడ్డప్పుడు మనం పోయి చూసి రావాలె. పోకపోతే పెండ్లిల ఎదురుపడ్డా మొఖం తిప్పుకోవాలె. సదానందం సారు చూడని మనిషి జిల్లాల లేడు. దానికి తోడు, మత్తు దిగీ దిగంగనే ఆయనే మంచం మీది ఫోటో రూము నంబరుతోని సహ గ్రూపుల పెట్టుకున్నడు, "మీ అందరి ఆశీస్సులు కావాలె" అని.

ఆశీస్సులు లిఫ్టు నిండ వచ్చినయి. బ్రెడ్డు ప్యాకెట్లు, కొబ్బరి బోండాలు, కొండగట్టు ప్రసాదం. మొదటిరోజు సారుకు కడుపు నిండింది. వచ్చిన ప్రతి ఒక్కరు "అసలు ఎట్లయింది సార్?" అని అడుగుతరు. సారు నొప్పి లేచిన కాన్నుంచి మొదలుపెట్టి చెప్తడు. చెప్పుడు అయితుండంగనే ఇంకొకరు వస్తరు. ఇంకోసారి మొదటికెల్లి. పోయేటోళ్లు ఊకె పోరు, ఇదే ఆపరేషన్ చేయించుకుని ఇంటికి తిరిగిరాని తమ చుట్టం కత ఒకటి చెప్పి పోతరు. కండ్లు మూసుకుంటే "పాపం, నీరసం" అని తట్టి లేపి బోండాం తాగిస్తరు. సారు భార్య మమతారాణి వచ్చినోళ్లందరికి చాయ్‌లు పోసి పోసి గోడకు ఒరిగింది.

రెండో రోజు సారు గొంతు పోయింది. లింగమూర్తి వచ్చి, నాడు తనకు కప్పిన శాలువానే మడత విప్పి సారుకు కప్పిండు, "ఇస్త్రీ చేయించిన సార్" అని. హనుమండ్లు వచ్చి అంగీ లేపి మచ్చ చూపెట్టిండు. "మీరొచ్చి లేపినంక వేసిన కుట్లు సార్ ఇవి. మొదటేసినవి ఇంత గట్టిగ లేకుండె" అన్నడు. నిజంగనే మర్యాదకు అన్నడు పాపం. తలుపు కాడ నిషాత్ ఆ మాటను చక్కెర లెక్క చప్పరించింది. ఆ పగలు డబ్బాల తెచ్చుకున్న ఖిచిడీ, ఖట్టా అడుగుదాక ఊడ్చి తిన్నది.

"అక్కా, నీ మొఖం మీద పండుగ ఉన్నది," అన్నది రమ.

"ఉండనీ. నాకెన్ని రోజులైందో పండుగై."

సాయంత్రం సారు ఆమెను సైగ చేసి పిలిచిండు. "సిస్టర్, దండం పెడ్త. ఎవర్ని రానియ్యకు."

"ఆపొద్దని మేనేజర్ సార్ ఆర్డర్ ఉన్నది సార్. మంచిది గాదట."

"ఎవడు పెట్టిండమ్మా గా ఆర్డర్?"

నిషాత్ మంచినీళ్ల గ్లాసు అందించింది. సారు గుటక మింగిండు. గుర్తుకొచ్చినట్టున్నది, కండ్లు పక్కకు తిప్పుకున్నడు.

మూడో రోజు పొద్దున డాక్టరమ్మ చూసి, బీపీ దిగుతలేదన్నది. "మీకు మందు కాదు, నిద్ర కావాలె. ఇవ్వాళ పండుకోకుంటే రేపు ఇంటికి పంపియ్య," అన్నది. నిషాత్ దిక్కు తిరిగి, "పండుకుంటే ఎవ్వరొచ్చినా లేపొద్దు, బీపీకి గూడ లేపొద్దు" అన్నది.

ఆ మాట నిషాత్‌కు గుచ్చుకున్నది. ఆమె అంతస్తుల ఒక పేషెంటు నిద్ర లేక ఎండిపోతుండు. పగది పగే గాని, ఇట్లాంటి మొఖాన్ని ఇన్నేండ్లల్ల ఆమె ఏ మంచం మీద ఉండనియ్యలే. కండ్ల కింద నల్లగ ఉబ్బింది, పెదవులు పొక్కినయి. పాదం ముట్టి చూసింది, సల్లగ ఉన్నది. సాలు, ఇగ పండుకోబెడ్దామనుకున్నది. డాక్టరమ్మ పేరు చెప్పి తలుపు బంద్ చేస్తే మేనేజర్ గూడ కాదనడు. అట్ల చేసేదే. అంతల సారు ఫోను మోగింది.

మాట్లాడి పెట్టేసి, సారు మంచం మీద నిటారుగ కూసున్నడు. పోయిన గొంతు తిరిగొచ్చింది.

"మమతా! పెద్దసారు వస్తుండట! మధ్యాహ్నం, భోజనాలైనంక!"

పెద్దసారంటే టికెట్లు ఇచ్చే మనిషి. ఆయన వచ్చి మంచం పక్కన నిలబడి, సారు చెయ్యి పట్టుకుని, ఫోటో దిగితే, టికెట్టు సగం ఖాయమైనట్టే. ఇదివరకు మూడు పెండ్లిండ్లల్ల సారు ఆయన పక్కకు పోయి నిలబడ్డా, ఫోటోల భుజం తప్ప ఏం పడలే. సదానందం సారు ఇన్నేండ్లు దవాఖానలు తిరిగింది ఈ ఒక్క పరామర్శ కోసమే. మంగలాయనను పిలిపించి గడ్డం చేయించుకున్నడు. తెల్ల అంగీ తొడుక్కున్నడు. ఫోటో ఎటుకెల్లి తీయాల్నో మమతారాణికి మంచం మీదికెల్లే చూపెట్టిండు. అంత చేసేసరికి తల ఆగుత లేదు, ముందటికి వాలుతుంది.

"సిస్టర్, జర కునుకు తీస్త. పెద్దసారు రాంగనే లేపు."

"ముందుగాల పండుకోండ్రి సార్," అన్నది నిషాత్.

కిటికీ కాడికి పోయి తెర పట్టుకున్నది. సగమే గుంజితే మనిషికి కునుకు పడ్తది, పిలిస్తే లేస్తడు. పూర్తిగ గుంజితే నిద్ర పడ్తది. చెయ్యి జరసేపు ఆగింది. రిసెప్షన్‌ల జనం, అడ్డంగ ఊపిన చెయ్యి, "తప్పైంది అను" అన్న మాట అన్నీ తెర మడతల మీద కనబడ్డయి. పూర్తిగ గుంజింది.

ఇగ అక్కడికెల్లి ఆమె ఏం చేసిందో, అదంత ఏ సర్కారు పరీక్షల రాసినా మార్కులు పడేదే. నొప్పి గోలి ఇచ్చి, అది ఎక్కేదాక ఆగింది. సారు పొట్ట మీద మెత్తటి దిండు పెట్టింది, దగ్గు వచ్చినా కుట్లు గుంజకుండ. మోకాళ్ల కింద ఒకటి పెట్టింది. గోరువెచ్చని నీళ్లతోని పాదాలు తుడిచి, మేజోళ్లు తొడిగింది. ఇస్త్రీ అంగీ బొత్తాములు మెడ కాడ విప్పింది. ఫోను మూగ చేసి బల్ల మీద బోర్లేసింది. తలుపు దిక్కున్న చెవుల దూది పెట్టింది. తండ్రి ఏకిన దూది గాదు గాని, పెట్టిన చెయ్యి ఆ తండ్రి బిడ్డదే.

"ఇంట్ల ఎట్ల పండుకుంటరు సార్?" అని అడిగింది.

"రేడియో..." అన్నడు సారు, కండ్లు సగం మూసి. "పొలం ముచ్చట్లు వస్తయి సూడు... మా బాపు పెడ్తుండె..."

రమ ఫోన్ల వరి నాటు ముచ్చట ఒకటి దొరికింది. ఎవరో ఆయన యూరియా ఎప్పుడు చల్లాల్నో నిమ్మళంగ చెప్తుండు. సన్నగ చేసి రెండో చెవి కాడ పెట్టింది. యూరియా రెండో దఫాకు రాకముందే సదానందం సారు పోయిండు. రెండు రోజుల పరామర్శలన్నీ మీద పడ్డట్టు, బండ లెక్క నిద్రలకు పోయిండు.

మమతారాణి కుర్చీల జోగుతుంది. నిషాత్ ఆమెకు పక్క మంచం దులిపి చూపెట్టింది. "మీరు గూడ ఒక్కసారి నడుం వాల్చున్రి మేడం."

"పెద్దసారు వస్తే?"

"నేనున్న గద."

మమతారాణి వాలింది. వాలుడే తరువాయి.

నిషాత్ తలుపు దగ్గరికి వేసి బయట నిలబడ్డది. గుండె దడదడ కొట్టుకుంటుంది. భయం గాదు, పరీక్ష పాసైన పిల్లకు కొట్టుకున్నట్టు. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చేసింది. పేషెంటు పాదాలు వెచ్చగైనయి. బీపీ దిగుతుండొచ్చు. ఇంత మంచిగ పని చేసి ఇంత మంచిగ పగ తీరుడు ఆమెకు మళ్ల దొరికేది గాదు.

మెట్ల మీదికెల్లి మేనేజర్ అరుణ్‌కుమార్ ఉరికొచ్చిండు. "సిస్టర్! పెద్దసారు కింద లిఫ్టు ఎక్కిండు! పేషెంటు రెడీనా?"

"పండిండు సార్."

"లేపు! లేపు జల్ది!"

"లేపొద్దని డాక్టరమ్మ చెప్పింది సార్. మీరు లేపుతరా? కుట్లు పచ్చిగున్నయి మరి, ఏమన్నైతే మీరే చూసుకోవాలె."

అరుణ్‌కుమార్ తలుపు మీద వేసిన చెయ్యి తీసిండు. హనుమండ్లు దుప్పటి ఆయనకు గూడ యాదికే ఉన్నది. "మరి పెద్దసారును ఆపుతవా?"

"అయ్యో, ఆపుడెక్కడిది సార్? ఎవ్వర్ని ఆపొద్దని ఆర్డరే ఉండె గద."

లిఫ్టు తెరుచుకున్నది. ముందు మనుషులు, నడుమ పెద్దసారు, వెనుక పండ్ల బుట్ట. నిషాత్ తలుపును తనే బార్లా తెరిచి పట్టుకున్నది, ఇంకొక చేతి వేలు పెదవుల మీద పెట్టుకున్నది.

సదానందం సారు లేచేసరికి తెర సందుల ఎండ పసుప్పచ్చగ వాలింది. మొఖం తేటగున్నది, కండ్ల కింద వాపు దిగింది. నిషాత్ బీపీ చూసింది, బంగారం లెక్క ఉన్నది. సారు ఒళ్లు విరుచుకున్నడు, నవ్విండు, బల్ల మీది పండ్ల బుట్ట చూసిండు. నవ్వు ఆగింది. పక్క మంచం మీద మమతారాణి ఇంకా లేవలే.

"ఈ బుట్ట ఎవరిది?"

"పెద్దసారుది సార్."

"వచ్చిండా? వచ్చి పోయిండా? ఫోటో? ఎవరన్న ఫోటో తీసిన్రా?" సారు మంచం అంచు గట్టిగ పట్టుకున్నడు. "ఇన్నేండ్ల నుంచి ఎదురుచూసిన గదా సిస్టర్! నేను మేనేజర్‌కు చెప్త, డాక్టర్‌కు చెప్త, నిన్ను మళ్ల కింద నిలబెడ్త! అంత పెద్దమనిషి నా మంచం కాడికి వస్తే నన్నెందుకు లేపలే?"

నిషాత్ దుప్పటి ఆయన గుండెల దాక మెల్లగ జరిపింది.

"మీ గురక జరసేపు నిలబడి విన్నడు సార్, ఇంత మంచి నిద్ర పాడు చేయొద్దని ఆయనే మునివేళ్ల మీద నడుచుకుంట పోయిండు."